యుద్ధకాల సైనిక ఛాయాచిత్రాలకు రంగులద్దకం: అభిరుచి, ఆధారం, ఊహ

వ్యాససంగ్రహం

నలుపు తెలుపుల్లో మిగిలిన యుద్ధకాల సైనికుల చిత్రాలకు కంప్యూటరు సాయంతో రంగులద్దడం ఇటీవలి కాలంలో అనేక దేశాల్లో విస్తరించిన అభిరుచి. ఈ పని చేసేవారిలో అధికులు వృత్తిరీత్యా చరిత్రకారులు కారు. అయినా వారి చేతి మీదుగా వచ్చిన చిత్రం చూపరులకు చరిత్రగానే అందుతుంది. పాత ఫలకాల వర్ణగ్రాహకత, పతకాల రిబ్బన్లు, సైనిక దుస్తులు, ఆ కాలంలోనే రంగుల్లో తీసిన ఛాయాచిత్రాలు, యంత్రాభ్యసన పద్ధతులు అనే అంశాల ఆధారంగా, రంగులద్దిన చిత్రంలో సాక్ష్యం ఎంత, ఊహ ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలించబడింది. భారతీయ సైనికుల చిత్రాల్లో చర్మవర్ణం కీలకమైన ప్రశ్న ఎందుకవుతుందో చర్చించబడింది.

కీలకపదాలు: ఛాయాచిత్ర చరిత్ర, రంగులద్దకం, ప్రపంచయుద్ధాలు, భారతీయ సైనికులు, ఆర్థోక్రోమాటిక్ ఫలకం, పతకాల రిబ్బన్లు, చర్మవర్ణం

1. ప్రవేశిక

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడేనికి సమీపంలో ఉన్న మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ ఆ ఊరు తన మగవాళ్ళను పంపింది. మొదటి ప్రపంచయుద్ధంలో భారతదేశం నుంచి 13 లక్షల మందికి పైగా సేవలందించారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధం నాటికి భారత సైన్యంలో చేరినవారి సంఖ్య 25 లక్షలకు చేరింది. ఇన్ని లక్షల మందిలో చాలామందికి మిగిలిన రూపం ఒకే ఒక్క స్టూడియో చిత్రం. సెలవు మీద వచ్చినప్పుడో, ఓడ ఎక్కబోయే ముందో, రేవు పట్టణంలోనో, కంటోన్మెంటు బజారులోనో తీయించుకున్నది. అందులో యూనిఫాం ఉంటుంది, రిబ్బన్లు ఉంటాయి, భుజం మీద పటాలం పేరు ఉంటుంది. రంగు మాత్రం ఉండదు.

ఆ లోటును పూరించాలన్న కోరిక నుంచే ఈ అభిరుచి పుట్టింది. 1990లో విడుదలైన ఫోటోషాప్‌కు 1994లో పొరల సదుపాయం చేరడంతో, మూలచిత్రాన్ని చెరపకుండా దాని మీద రంగును వేరే పొరగా పరచడం సామాన్యుడికీ సాధ్యమైంది. సంగ్రహాలయాలు తమ చిత్రాలను స్కాన్ చేసి అందుబాటులో ఉంచడంతో ముడిసరుకు కూడా దొరికింది. వంశచరిత్రలు తవ్వుకునేవారు, పతకాలు సేకరించేవారు, సైనిక దుస్తుల మీద మక్కువ ఉన్నవారు ఈ పనిలోకి వచ్చారు.

దీన్ని తరచుగా ‘పునరుద్ధరణ’ అంటారు. అది సరైన మాట కాదు. చిరిగిన చిత్రాన్ని అతికించడం, మరకను తుడవడం పునరుద్ధరణ అవుతాయి. ఎందుకంటే అక్కడ ఒకప్పుడు ఉన్నది పోయింది. ఆ చిత్రంలో రంగు ఏనాడూ లేదు. మచిలీపట్నం, పెడన పనివారు తెల్లగుడ్డ మీద రంగును బయటినుంచి చేర్చి దాన్ని అద్దకం అన్నారు. ఇక్కడ జరిగేదీ అదే. అందుకే ఈ వ్యాసంలో రంగులద్దకం అన్న మాటే వాడబడింది.

2. పాత అలవాటు

ఛాయాచిత్రానికి రంగులు పూయడం కంప్యూటరుతో మొదలుకాలేదు. దాదాపు ఛాయాచిత్రమంత పాతది ఆ అలవాటు. డాగెరోటైపు పద్ధతి 1839లో లోకానికి వెల్లడైంది. ఆ వెంటనే, 1840ల ఆరంభంలోనే, స్విట్జర్లండుకు చెందిన చిత్రకారుడు యోహాన్ బాప్టిస్ట్ ఇజెన్‌రింగ్ వెండిపూత పలకల మీద జిగురు కలిపిన రంగుపొడులను అద్దాడు. కొనుగోలుదారుడు అడిగింది అదే మరి. అచ్చంగా తనలా ఉన్న ముఖం బూడిదరంగులో ఉండటం అతనికి వింతగా తోచింది.

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి సైనికుల చిన్న చిన్న గాజుపలకల, రేకుపలకల చిత్రాలు వందల సంఖ్యలో ఆ దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లిల్యెంక్విస్ట్ కుటుంబ సేకరణగా ఉన్నాయి. వాటిలో అనేక చిత్రాల్లో బుగ్గల మీద గులాబీరంగు చుక్క, బొత్తాల మీద, బెల్టు బిళ్ళ మీద బంగారు పూత కనిపిస్తాయి. పూత పూసినవాడు బొత్తానికి పసిడి వన్నె ఉంటుందని తెలిసి పూశాడు. బుగ్గ ఎర్రదనం మాత్రం అందరికీ ఒకటే. అది ఆ సైనికుడి బుగ్గ కాదు, దుకాణపు బుగ్గ. ఈ తేడా తరువాతి చర్చకు పనికివస్తుంది.

మనదేశంలో ఈ సంప్రదాయం మరింత ముందుకు వెళ్ళింది. ఉదయపూర్, జయపూర్, నాథద్వారాల్లో సూక్ష్మచిత్రాలు గీసే కుటుంబాలవారు ఛాయాచిత్రాల మీద దట్టమైన రంగులు పూసి, అడుగున ఉన్న ముద్ర దాదాపు కనిపించనంతగా మార్చారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్‌దయాళ్ కాలానికి రంగులు పూసిన చిత్రం సంపన్నుల ఇంట గౌరవచిహ్నమైంది. సామాన్య సిపాయికి ఆ స్తోమత లేదు. అతని చిత్రం నలుపు తెలుపుల్లోనే ఉండిపోవడానికి సాంకేతిక కారణంతో పాటు ఖరీదు కూడా కారణమే.

3. ఫలకం చూసిన రంగు, కన్ను చూసిన రంగు

రంగులద్దేవారిలో కొత్తవారు చేసే మొదటి పొరపాటు, బూడిదరంగును నమ్మడం. ముదురుగా ఉన్నది ముదురురంగు వస్తువనీ, తేలికగా ఉన్నది లేతరంగు వస్తువనీ అనుకుంటారు. ఇది నేటి ఫిల్ముకు, నేటి కెమెరాకు కొంతవరకు వర్తిస్తుంది. పాత ఫలకాలకు వర్తించదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి నీలం, ఊదా కాంతులకే స్పందించేది. నీలం ఏదైనా వెలిసిపోయి కనిపిస్తుంది. పసుపు, ఎరుపు చీకటిగా మారతాయి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యపు కాల్బలానికి లేతనీలం, ఆశ్వికదళానికి పసుపు, ఫిరంగిదళానికి ఎరుపు గుర్తుపట్టీలు ఉండేవి. లేతనీలం పంట్లాం ఫలకం మీద దాదాపు తెల్లబట్టలా పడింది. ఆశ్వికుడి పసుపుపట్టీ, ఫిరంగిదళపు ఎర్రపట్టీ రెండూ ఒకే నలుపుగా పడ్డాయి. కేవలం ఛాయను చూసి ఆ రెండింటినీ వేరుచేయడం అసాధ్యం. నీలికళ్ళవాడి కనుపాప రంగు వెలిసి, గాజుకన్నులా భయపెడుతుంది. పైగా రేకుపలక మీద చిత్రం అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలుగా తిరగబడి ఉంటుంది. బెల్టు మీది అక్షరాలు తలకిందులైతే గుర్తుపట్టవచ్చు. పతకం ఏ రొమ్ము మీద ఉందో చూసి తేల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం.

1873లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్, లేపనంలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఆకుపచ్చ, పసుపు కాంతులకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఆ దారిలో వచ్చినవే ఆర్థోక్రోమాటిక్ ఫలకాలు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ఫలకాలు 1906లో ఇంగ్లండు విపణిలోకి వచ్చాయి. కానీ ఆర్థో ఫలకం వెంటనే కనుమరుగు కాలేదు. ఎరుపు కాంతి దానికి కనిపించదు కాబట్టి చీకటిగదిలో ఎర్రదీపం పెట్టుకుని, ఫలకం మీద బొమ్మ తేలుతుండగా చూస్తూ పనిచేయవచ్చు. చిన్న స్టూడియో యజమానికి ఈ సౌకర్యం విలువైనది. మొదటి ప్రపంచయుద్ధపు స్టూడియో చిత్రాల్లో ఎరుపు నలుపుగా ఉండటానికి ఇదే కారణం.

విక్టోరియా క్రాస్ రిబ్బన్ దీనికి మంచి ఉదాహరణ. 1856లో ఆ పతకం స్థాపించిన నాటి నుంచి 1918 వరకు సైన్యానికి ముదురు ఎరుపు రిబ్బన్, నౌకాదళానికి నీలం రిబ్బన్ ఉండేవి. ఆ తరువాత అందరికీ ఎరుపే అయింది. కంటికి ఆ రెండూ దాదాపు సమానంగా ముదురు రంగులు. ఆర్థో ఫలకం మీద ఎరుపు రిబ్బన్ మసిలా, నీలం రిబ్బన్ లేతగా పడతాయి. మసిలా పడిన రిబ్బన్ మీద ఫోటోషాప్‌లో ఎరుపు పొర పరిస్తే వచ్చేది ఎండిన నెత్తురు రంగు తప్ప అసలు రంగు కాదు. సరైన రంగు రావాలంటే కింద ఉన్న బూడిదఛాయను కూడా తేలికపరచాలి. అంటే మూలచిత్రాన్ని తాకకుండా పైన రంగు మాత్రమే చేర్చామన్న మాట ఇక్కడ చెల్లదు. శ్రద్ధగా పనిచేసినవాడే మూలాన్ని ఎక్కువగా మార్చవలసి వస్తుంది. అభిరుచిపరుల్లో చాలామంది ఒప్పుకోవడానికి ఇబ్బందిపడే విషయం ఇది.

చర్మం దగ్గరికి వచ్చేసరికి ఈ సమస్య మరింత బరువెక్కుతుంది. గోధుమవన్నె, చామనచాయ చర్మాలు నీలికాంతి కంటే ఎరుపుకాంతిని ఎక్కువగా ప్రతిఫలింపజేస్తాయి. ఎరుపును చూడలేని ఫలకం ఆ ముఖాన్ని ఉన్నదానికంటే నల్లగా నమోదు చేస్తుంది. దానికి విరుగుడుగా స్టూడియోవాడు నెగెటివు మీద సన్నని పెన్సిలుతో గీతలు గీసి ముఖాన్ని తెల్లబరిచేవాడు. అది నాటి వృత్తిలో మామూలు పని. అలా ఒక సిపాయి ముఖం మొదట ఫలకం చేత నల్లబడి, తరువాత పెన్సిలు చేత తెల్లబడి, చివరికి కాగితం మీదికి చేరింది. ఆ కాగితాన్ని చూసి అతని ఒంటిరంగు ఇదీ అని చెప్పడం ఏ నిపుణుడికైనా సాధ్యం కాదు.

4. ఖాకీ అంటే ఏ రంగు?

అనుభవజ్ఞుల పద్ధతి వేరుగా ఉంటుంది. వారు ముందుగా రంగు జోలికి పోరు. చిత్రంలోని వ్యక్తి ఏ పటాలంవాడు, ఏ హోదాలో ఉన్నాడు, చిత్రం ఏ సంవత్సరానికి ముందు తీసి ఉండదు అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. భుజం మీది లోహపు అక్షరాలు, టోపీ బిళ్ళ, చేతిమీది పట్టీలు, తలపాగా చుట్టిన తీరు ఒక్కొక్కటిగా గుర్తిస్తారు. గంటల తరబడి సాగే ఈ వెతుకులాటే ఈ అభిరుచిలో అసలు సుఖమని చెప్పవచ్చు. కుంచె పట్టేది ఆ తరువాతే.

అన్నిటికంటే కష్టమైన రంగు ఖాకీ. పెషావర్‌లో 1846లో హ్యారీ లమ్స్‌డెన్ సమీకరించిన గైడ్స్ దళంతో ఈ రంగు సైనిక చరిత్రలోకి వచ్చింది. ఉర్దూలో ‘ఖాక్’ అంటే దుమ్ము, మట్టి. ఏ ఊరి మట్టి అన్నదే చిక్కు. ఎండకాలపు నూలు డ్రిల్లుగుడ్డ ఒక రంగు, చలికాలపు ఉన్ని సెర్జి మరొక రంగు. కొత్తగా ఇచ్చిన చొక్కా ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో ఉంటే, ఏడాది పాటు ఎండలో తిరిగి చాకలి బండ మీద బాదించుకున్న చొక్కా దాదాపు గంధపురంగుకు వెలిసిపోతుంది. ఒకే వరుసలో నిలబడ్డ పదిమంది పది ఖాకీల్లో ఉండటమే సహజం. అందరికీ ఒకే రంగు పూసిన చిత్రం కవాతులా కనిపిస్తుంది కానీ, సైన్యంలా కనిపించదు.

బర్మా రణరంగం మరో పాఠం చెబుతుంది. అడవిలో ఖాకీ డ్రిల్లు శత్రువుకు స్పష్టంగా కనిపించడంతో, 1943 ప్రాంతం నుంచి సైనికులకు ‘జంగిల్ గ్రీన్’ దుస్తులు వచ్చాయి. పాత ఖాకీ దుస్తులను ఆకుపచ్చ రంగులో ముంచి వాడటం కూడా జరిగింది. నలుపు తెలుపుల్లో ఖాకీ చొక్కా, ఆకుపచ్చ చొక్కా ఒకే బూడిదగా కనిపించవచ్చు. చిత్రం 1942 నాటిదా, 1944 నాటిదా అన్నది తేలనిదే దుస్తుల రంగు తేలదు.

తేదీని తేల్చడంలో రిబ్బన్లు చేసే సాయం గొప్పది. ముదురునీలం మధ్యలో వెడల్పాటి ఎర్రగీత, ఆ గీతకు ఇరువైపులా ఉన్న నీలంలో ఒక్కో నారింజగీత ఉంటే అది బర్మా స్టార్. నావికాదళాన్ని, సైన్యాన్ని, వైమానికదళాన్ని సూచించే ముదురునీలం, ఎరుపు, లేతనీలం సమానపట్టీలుగా ఉంటే అది 1939–45 స్టార్. ముదురునీలం మీద రెండు వెడల్పాటి లేతనీలి పట్టీలున్నది ఇండియా సర్వీస్ మెడల్. ఈ చివరి పతకం 1946లో గాని స్థాపించబడలేదు. కాబట్టి ఆ రిబ్బన్ ఉన్న చిత్రం యుద్ధం ముగిసిన తరువాతిదే. ‘యుద్ధానికి వెళ్ళేముందు తాతయ్య’ అని ఇంట్లో చెప్పుకునే చిత్రం, నిజానికి తిరిగివచ్చాక తీయించుకున్నదని ఒక్క రిబ్బన్ తేల్చేయగలదు. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ రిబ్బన్ మధ్యలో వెడల్పాటి నారింజపట్టీ, దానికి ఇరువైపులా తెలుపు, నలుపు గీతలు, అంచుల్లో నీలం ఉంటాయి. ఆర్థో ఫలకం మీద ఆ నారింజపట్టీ ముదురుగా, నీలి అంచు లేతగా పడి, చూసేవాడిని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. రిబ్బన్ల పటం పక్కన లేకపోతే దాన్ని గుర్తించడం కష్టం.

పటాలపు సంప్రదాయదుస్తులు వేరే ఉచ్చు. విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్, 129వ బలూచీ దళంవాడు. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోల్‌బెకె దగ్గర చేసిన పోరాటానికి అతనికి ఆ గౌరవం దక్కింది. ఆ దళపు ఉత్సవ దుస్తులు ముదురాకుపచ్చ కోటు, ఎర్ర పంట్లాం. యుద్ధభూమిలో వేసుకున్నది ఖాకీ. పుస్తకంలో ఉత్సవ దుస్తుల బొమ్మ చూసి, కందకంలో తీసిన చిత్రానికి ఎర్ర పంట్లాం పూసేవారు నేటికీ కనిపిస్తారు. స్కిన్నర్స్ హార్స్ దళపు పసుపు కుర్తా విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆకర్షణీయమైన రంగు దొరికితే వాడకుండా ఉండలేకపోవడం మానవసహజం. చరిత్రకు మాత్రం అది ఉపకరించదు.

తెలుగు సైనికుల విషయంలో మరో ఇబ్బంది ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాల్లో లార్డ్ రాబర్ట్స్ వంటి సేనానులు ముందుకుతెచ్చిన ‘యోధజాతుల’ సిద్ధాంతం వల్ల మద్రాసు రాజధాని నుంచి కాల్బలంలో నియామకాలు బాగా తగ్గిపోయాయి. తెలుగువారు మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ వంటి నిర్మాణదళాల్లో, రవాణాదళాల్లో, శ్రామికదళాల్లో ఎక్కువగా కనిపిస్తారు. రెండవ యుద్ధంలో మద్రాస్ రెజిమెంటు మళ్ళీ ఏర్పడే వరకు ఇదే పరిస్థితి. వర్ణచిత్రాలతో అందమైన దుస్తుల పుస్తకాలు వెలువడింది పంజాబు, సరిహద్దు ప్రాంతాల ఆశ్వికదళాల మీద. వంతెనలు కట్టినవారి, మందుపాతరలు తీసినవారి మీద అంత శ్రద్ధ ఎవరూ చూపలేదు. ఒక తెలుగు శాపర్ చిత్రానికి రంగులద్దదలచినవాడికి ఆధారగ్రంథాల కొరత ఎదురవడానికి మూలం ఆ నాటి నియామక విధానంలోనే ఉంది.

హైదరాబాదు సంస్థానానికి చెందిన ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మొదటి యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి 15వ ఆశ్వికబ్రిగేడులో ఉండి సినాయ్, పాలస్తీనా ప్రాంతాల్లో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాలకు ప్రతీకలు. కంచు విగ్రహానికి రంగు అక్కరలేదు. శిల్పి ఆ ప్రశ్న నుంచి సులభంగా తప్పించుకున్నాడు.

5. నిజంగా రంగుల్లో తీసిన యుద్ధం

మొదటి ప్రపంచయుద్ధం నలుపు తెలుపుల్లోనే జరిగిందన్న భావన సరికాదు. లూమియేర్ సోదరులు 1903లో పేటెంటు పొంది, 1907లో విపణిలోకి తెచ్చిన ఆటోక్రోమ్ ఫలకం అప్పటికే వాడుకలో ఉంది. బంగాళదుంప పిండిరేణువులను నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో అద్ది, గాజుపలక మీద పరిచి, దానిమీద లేపనం పూసేవారు. బ్యాంకరు ఆల్బర్ట్ కాన్ ప్రపంచమంతా ఛాయాచిత్రకారులను పంపి సేకరించిన సుమారు 72 వేల ఆటోక్రోములు ఫ్రాన్సులో భద్రంగా ఉన్నాయి. ఫెర్నాండ్ క్యూవిల్, పాల్ కాస్టెల్నో 1917లో ఫ్రెంచి సైన్యం తరఫున తీసిన రంగుల చిత్రాల్లో శిథిలనగరాలు, వంటపాత్రల చుట్టూ కూర్చున్న సైనికులు కనిపిస్తారు. ఆస్ట్రేలియా అధికార ఛాయాచిత్రకారుడు ఫ్రాంక్ హర్లీ, పాజెట్ అనే మరో రంగుల పద్ధతిలో పాలస్తీనాలోని తన దేశపు ఆశ్వికులను చిత్రించాడు.

ఈ ఫలకాలకు కాంతి ఎక్కువసేపు సోకాలి. కదిలితే చిత్రం చెదురుతుంది. అందుకే ఆ చిత్రాల్లో దాడులు లేవు, విశ్రాంతి ఉంది. అయినా రంగులద్దేవారికి ఇవి అమూల్యమైన సాక్ష్యాలు. ఫ్రెంచి సైనికుడి ‘క్షితిజనీలం’ కోటు బురదలో నాని బూడిదగా ఎలా మారుతుందో ఏ నియమావళీ చెప్పదు, ఆటోక్రోమ్ చెబుతుంది. అభిరుచిపరులు పూసే రంగులు చాలాసార్లు అతిప్రకాశంగా ఉంటాయని ఈ చిత్రాల పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. ఆటోక్రోమ్ కూడా రంగులను తన తీరులో మెత్తబరుస్తుందన్నది నిజమే. ఆ మేరకు దాన్నీ తూచి వాడాలి.

రెండవ యుద్ధం నాటికి కోడాక్రోమ్ (1935), అగ్ఫాకలర్ (1936) వచ్చేశాయి. రంగుల ఫిల్ము ఖరీదైనది, యుద్ధకాలంలో దుర్లభమైనది. అది సేనాపతుల, విమానాల, ప్రచారచిత్రాల వైపు వెళ్ళింది. చిన్న పట్టణపు స్టూడియోలో నిలబడ్డ జవానును చేరలేదు.

6. యంత్రం వేసే సగటు

ఎనిమిది, పదిగంటలు పట్టే పనిని కొన్ని క్షణాల్లో చేసే యంత్రపద్ధతులు 2016 తరువాత వచ్చాయి. ఆ ఏడాది రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ ప్రకటించిన పరిశోధన ఈ రంగంలో ముఖ్యమైనది. పది లక్షలకు మించిన రంగుల చిత్రాలను తీసుకుని, వాటి రంగును తొలగించి, బూడిదఛాయ నుంచి మళ్ళీ రంగును ఊహించమని యంత్రానికి నేర్పారు. అనుమానం ఉన్నచోట యంత్రం అన్ని అవకాశాల సగటును తీసుకుని మట్టిరంగు పూస్తుంది కాబట్టి, దాన్ని నివారించడానికి రంగులను 313 విభాగాలుగా చేసి, అరుదైన రంగులకు ఎక్కువ బరువు ఇచ్చారు. పరీక్షలో చూపరులు 32 శాతం సందర్భాల్లో యంత్రం వేసిన రంగులనే నిజమైనవిగా భావించారు. 2018లో జేసన్ ఆంటిక్ రూపొందించిన డీఓల్డిఫై, 2020లో మైహెరిటేజ్ సంస్థ ఇచ్చిన సదుపాయం ఈ పనిని ఇంటింటికీ చేర్చాయి.

ఈ పద్ధతిలోని లోపం పైన చర్చించిన ఫలకాల చరిత్రలోనే ఉంది. యంత్రం నేర్చుకున్నది నేటి రంగుల చిత్రం నుంచి లెక్కకట్టి తీసిన బూడిదఛాయ. ఆ లెక్కలో ఎరుపుకు కూడా దాని వాటా ఉంటుంది. ఎరుపును చూడని ఆర్థో ఫలకపు బూడిద దానికి పరిచయం లేదు. అందుచేత 1915 నాటి చిత్రంలో నల్లగా పడిన ఎర్రపట్టీని అది ఏ సందేహమూ లేకుండా నల్లపట్టీగా చదువుతుంది. రిబ్బన్ దానికి ఒక గుడ్డముక్క మాత్రమే. అది బర్మా స్టార్ అన్న సంగతి దానికి తెలియదు. చర్మం దగ్గర, తనకు నేర్పిన చిత్రాల్లో ఏ ఛాయలు ఎక్కువగా ఉంటే ఆ వైపు మొగ్గుతుంది.

యంత్రం తప్పుచేస్తుందన్నది ఇందులో పెద్ద విషయం కాదు, మనుషులూ చేస్తారు. మనిషి చేసిన తప్పును ‘ఈ రంగు ఎక్కడిది?’ అని అడిగి పట్టుకోవచ్చు. యంత్రాన్ని అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఆధారం ఉండదు, సంభావ్యత ఉంటుంది. 1957 నాటి మాయాబజార్‌ను హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు తెలుగు ప్రేక్షకులు ఆనందంగా చూశారు. ఘటోత్కచుడి కిరీటానికి ఏ రంగు వేసినా అడిగేవారు లేరు, ఉండనక్కరలేదు. హవల్దారు రొమ్ము మీది రిబ్బన్‌కు ఒకే జవాబు ఉంది.

7. ముఖం మీద హక్కు

పీటర్ జాక్సన్ 2018లో తీసిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ చిత్రం ఈ అభిరుచికి అంతర్జాతీయ గౌరవం తెచ్చింది. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం భద్రపరిచిన సుమారు వందగంటల చలనచిత్రాలను పరిశీలించి, ఎంపికచేసిన భాగాలకు రంగులు, ధ్వని చేర్చారు. జాక్సన్ స్వయంగా ఆ కాలపు సైనిక దుస్తుల సేకర్త కావడం రంగుల నిర్ణయానికి ఉపకరించింది. పశ్చిమరంగంలోని బ్రిటిష్ కాల్బలం మీదనే ఆ చిత్రం దృష్టి నిలిపింది. అదే నేల మీద 1914, 1915 సంవత్సరాల్లో పోరాడిన భారతీయ దళాల ముఖాలు అందులో ప్రధానం కాలేదు. 1915లో గర్డ్‌వుడ్ అనే ఛాయాచిత్రకారుడు ఫ్రాన్సులో తీసిన భారతీయ సైనికుల చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రంగులద్దడమన్నది ఎవరిని ‘సజీవం’ చేయాలన్న ఎంపిక కూడా.

అభిరుచిగా ఆరంభించి అంతర్జాతీయ ఖ్యాతి పొందినవారిలో బ్రెజిల్ కళాకారిణి మరీనా అమరాల్ ఒకరు. ఆష్విట్జ్ నిర్బంధశిబిరంలో చిత్రకారుడిగా పనిచేయించబడిన ఖైదీ విల్‌హెల్మ్ బ్రాసె తీసిన పద్నాలుగేళ్ళ పోలిష్ బాలిక చెస్వావా క్వోకా చిత్రానికి ఆమె 2018లో, శిబిర స్మారకసంస్థ సహకారంతో రంగులద్దారు. చిత్రం తీయడానికి కొద్దిముందు కాపలాదారు ఆ బాలికను కొట్టిన సంగతి బ్రాసె యుద్ధానంతరం చెప్పాడు. ఆమె పెదవి మీది గాయానికి వేసిన ఎరుపు వెనుక అలా ఒక ప్రత్యక్షసాక్షి మాట ఉంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఘటన 2021 ఏప్రిల్‌లో జరిగింది. కంబోడియాలో ఖ్మేర్‌రూజ్ పాలకుల తువోల్ స్లెంగ్ చెరసాలలో, మరణానికి ముందు ఖైదీలకు తీసిన చిత్రాలకు ఒక ఐరోపా కళాకారుడు రంగులద్దాడు. అంతటితో ఆగక కొందరి ముఖాల మీద చిరునవ్వు చేర్చాడు. మృతుల బంధువులు, కంబోడియా సాంస్కృతికశాఖ తీవ్రంగా నిరసించడంతో ప్రచురించిన పత్రిక ఆ చిత్రాలను తొలగించింది. రంగుకు, నవ్వుకు మధ్య పెద్ద అగాధం ఉందని అందరూ భావిస్తారు. కానీ బూడిదఛాయను మార్చడం మొదలైన చోటే ఆ దారి మొదలవుతుందని మూడవ భాగంలోని చర్చను బట్టి ఒప్పుకోక తప్పదు. నెగెటివు మీద పెన్సిలు పెట్టిన స్టూడియోవాడు కూడా ఆ దారిలోనే నడిచాడు. తేడా ఏమిటంటే, అతని ఎదుట కూర్చున్న మనిషి బతికి ఉన్నాడు. ముద్ర నచ్చకపోతే డబ్బు ఇవ్వకుండా లేచిపోగలడు.

8. చామనచాయ

ఆస్ట్రేలియా, కెనడా సైనికుల చిత్రాలకు రంగులద్దేవారికి ఒక సౌలభ్యం ఉంది. మొదటి యుద్ధంలో చేరినప్పుడు నింపిన నియామకపత్రాల్లో ఎత్తుతో పాటు మేనిఛాయ, కళ్ళరంగు, జుట్టురంగు రాసేవారు. ఆ పత్రాలను ఆ దేశాల ప్రభుత్వ దస్తావేజుశాలలు స్కాన్ చేసి ఉంచాయి. గుమాస్తా రాసిన మాట అతని దృష్టికి లోబడినదే. అయినా ఆ మనిషిని కంటితో చూసి రాసిన మాట. కళ్ళు నీలమా, గోధుమా అన్న సందేహం ఒక్క గీతతో తీరిపోతుంది.

భారతీయ సిపాయిల విషయంలో అభిరుచిపరుడికి ఇంత సులభమైన దారి లేదు. మిగిలేది కుటుంబం. ఇంటి పెద్దావిడ ‘మా నాన్న చామనచాయ, వాళ్ళ తమ్ముడు మంచి పసిమి’ అన్నప్పుడు, ఆ మాటలో ఏ నియామకపత్రంలోనూ లేని సమాచారం ఉంది. తెలుగులో ఒంటిరంగుకు చామనచాయ, గోధుమవన్నె, పసిమి, కారునలుపు అని ఉన్న మాటలు రంగుల అంకెలుగా మారవు. కానీ యంత్రం వేసిన సగటు గోధుమరంగు తప్పని తేల్చడానికి అవి చాలు. ఇలా చెప్పగలిగినవారి వయసు ఇప్పుడు ఎనభై దాటింది. ఆమె చెప్పిన మాట, చెప్పిన తేదీ, రిబ్బన్లను గుర్తించిన తీరు, ఏ రంగు ఊహ అన్న వివరం ఒక కాగితం మీద రాసి, రంగు తాకని స్కాన్‌తో కలిపి ఉంచిన చిత్రాలు చాలా అరుదు. ఫ్రేము విప్పితే ముద్ర వెనుక స్టూడియో ముద్రాక్షరాలు, పెన్సిలుతో రాసిన ఒక సంఖ్య, అప్పుడప్పుడు ఊరిపేరు కనిపిస్తాయి. స్కాన్ చేసేవారు సాధారణంగా ముందువైపే స్కాన్ చేస్తారు.